అక్క లేని నాలుగు దిక్కులు

అక్క పోయిందని మంగళవారం పొద్దున వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పింది. "దవాఖాన నుంచి ఎల్బీనగర్ ఇంటికి తెస్తున్నం, జెల్ది రా బిడ్డా" అంది. ఏడవడం కూడా మరిచిపోయి మెట్లు దిగాను.

అక్క మొదట సైన్‌బోర్డులు రాసేది. తర్వాత కళ్లకు తొడుక్కుని చూసే వీఆర్ కథలు తీసింది. తల ఎటు తిప్పితే అటు ఆ లోకమే. బ్యాంకు కోచింగని ఒంగోలు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన నన్ను బ్యాంకుకు పనికిరాకుండా చేసిన ఘనత ఆమెదే. పదేళ్లు ఆమె దగ్గర ఎడిటింగ్ చేశాను.

ఆ కెమెరా నాలుగు దిక్కులూ ఒకేసారి చూస్తుంది కాబట్టి తీసేవాళ్లు దాక్కోవాల్సిందే. అక్కది భారీ శరీరం. బండి కింద దూరితే బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. "కత జెప్పెటోళ్లు కతల కనవడొద్దు" అనేది. అయినా ఎక్కడో నీడో, చున్నీ అంచో పడేది. వాటిని తుడవడమే నా పని. "మంచిగ మాయం జేసినవ్ పో నన్ను" అని మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని.

కొత్తపేట పండ్ల మార్కెట్టు తరలిపోతుందని తెలిసి వారం రోజులు అక్కడే ఉండి తీసింది. ఏ ఊరి సినిమా ఉత్సవం పిలిచినా, ముందు అక్కడి హమాలీలు చూడాలనేది. చూసిన ముసలి హమాలీ ఒకాయన, "బత్తాయి వాసనేది?" అని అడిగాడు.

పదకొండో రోజు అయ్యాక వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా బిడ్డ దీసినదాంట్ల నా బిడ్డను జర చూపెట్టు."

అన్నీ వెతికాను. అక్క ఎక్కడా లేదు. కంప్యూటర్లో చోటు చాలదని, తుడవని అసలు ముక్కలను కూడా ఎప్పటికప్పుడు తీసేసింది నేనే. నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది.

చివరికి ఆ మార్కెట్టునే వాళ్లమ్మ కళ్లకు తొడిగాను.

"యాడుంది?"

"ఎదురుగా బత్తాయి కుప్ప ఉంది కదమ్మా. దాని వెనక దాక్కుంది. కనిపించదు."

"ఉన్నదైతే గదా" అంటూ లేచింది.

అందులో ఎంత నడిచినా ఏదీ దగ్గరికి రాదు. ఆమె కొంగు బిగించి, పండ్లు తొక్కకుండా చూసి చూసి అడుగులేస్తూ, గది గోడ దాకా నడిచింది.