మావాళ్ళ బెంచీ

ఎనభైల్లో నేను షికాగో దగ్గర ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సుని. వారమంతా నిద్ర చాలక, ఆదివారం పాటకీ ప్రసంగానికీ మధ్య కునుకు తీసేదాన్ని. మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మధ్యాహ్నాలు ఆరాధన పెట్టుకునేవాళ్ళం. ఆ బేస్‌మెంట్‌లోనే, వంటగది పక్క చిన్న గదిలో ఆయన ఉండేవాడు.

దక్షిణ అమెరికా కొండల మనిషి. తమ భూముల్ని గనులకి అప్పగించేది లేదని ఊళ్ళని కూడగట్టినవాడు. పోలీస్ స్టేషన్ తగలబెట్టాడని అక్కడి ప్రభుత్వం కేసు పెట్టింది. పారిపోయి వచ్చి ఇక్కడ శరణు అడిగితే, మా నేరస్థుణ్ణి మాకు అప్పగించండని వెనకాలే కబురు పంపింది. అమెరికన్ పాస్టర్‌గారు పూచీ ఉంటే, కేసు తేలేదాకా జడ్జి బయట ఉండనిచ్చారు. తిరిగి పంపితే బతకనివ్వరని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

తెలిసి మేం చేసిందేమిటయ్యా అంటే, అన్నం పెట్టడం. మా కోడికూర కారానికి కళ్ళనీళ్ళు కారుతున్నా వంక పెట్టకుండా తినేవాడు. తిన్నాక మా గిన్నెలు కూడా కడిగేవాడు, వద్దన్నా వినేవాడు కాదు.

విచారణకి ముందు ఆదివారం పాస్టర్‌గారు కిందికి వచ్చి మమ్మల్ని ఒక్కటే అడిగారు. కోర్టు హాలు నిండుగా ఉంటే, ఈ మనిషికి ఇక్కడ నలుగురున్నారని జడ్జికి తెలుస్తుందని లాయరు అన్నాడట. వచ్చి కూర్చుంటే చాలు, నోరు విప్పక్కర్లేదు. ఆయన మెట్లెక్కి వెళ్ళీవెళ్ళగానే మావాళ్ళు మొదలుపెట్టారు. ఒకరికి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది, ఒకరు తమ్ముణ్ణి స్పాన్సర్ చేశారు, ఒకరికి లీవు దొరకదు.

"మనకెందుకమ్మా లేనిపోని గొడవ, ప్రార్థన చేద్దాం," అన్నారు మా సంఘపెద్ద.

ప్రార్థన చేశాం. ఆయన వంటగదిలో గిన్నెలు కడుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ వాదించే ఓపిక లేదు. నేను మాత్రం వెళ్తున్నానని చెప్పి ఊరుకున్నాను.

విచారణ రోజు డ్యూటీ దిగి, యూనిఫాం మీద కోటు వేసుకుని, రైలెక్కి కోర్టుకి వెళ్ళాను. పాపం పాస్టర్‌గారు మావాళ్ళ కోసమని ఒక బెంచీ మొత్తం ఆపి ఉంచారు. దాని చివర నేనొక్కదాన్నే కూర్చున్నాను.

వాదనలయ్యాక జడ్జి లోపలికి వెళ్తే, ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆదివారం మీవాళ్ళు పదేపదే అన్న 'మన' అంటే ఏమిటని అడిగాడు. ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే గానీ మాకు రెండున్నాయని చెప్పాను. వినేవాళ్ళని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఆయన నవ్వాడు. తమ కొండల భాషలోనూ అంతేనట, రెండూ ఉన్నాయట.

"మరి మీ పెద్దాయన అన్న 'మన'లో నేనున్నానా?" అని అడిగాడు.

నువ్వు లేవని చెప్పలేక, అది నీతో అన్న మాట కాదు కదా అన్నాను. నిద్రలేని బుర్రకి అంతకన్నా ఏమీ తట్టలేదు. ఆయన తలూపి, లేచి తన చోటికి వెళ్ళాడు.

జడ్జి తిరిగొచ్చి, పంపడానికి చట్టంలో అడ్డేమీ లేదని చదివారు. అక్కడికి వెళ్ళాక ఈ మనిషికి ఏమవుతుందో చూడడం తన పని కాదన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇద్దరు మార్షల్స్ వచ్చి ఆయనకి బేడీలు వేశారు. పక్క తలుపు వైపు తీసుకెళ్తుంటే నా బెంచీ దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"వుయ్ లాస్ట్," అన్నాడు.

ఇంగ్లీషులో అన్నాడు. మేము ఓడిపోయామన్నాడో, మనం ఓడిపోయామన్నాడో నాకు తెలియలేదు. అడిగేలోపే తలుపు వేసేశారు.