జీడి తొక్కల గోనె

మా ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా పిల్లి మాట ఎత్తితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇన్నేళ్ళూ ఆ బరువుతోనే తిరిగాను. మీరు నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాను.

మాది పలాస. మా అత్తకి ఒక తెల్లపిల్లి ఉండేది. ముల్లు తీసి పెడితే తప్ప చేప ముట్టని దాని గీర చూసి, అచ్చం తన ఆడపడుచేనని, సూరమ్మ అని ఆమె పేరే పెట్టింది. పొద్దున్నే దానికి పాలు పోశాకే నాకు టీ అందేది. నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది, అబద్ధమెందుకు? అప్పట్లో నేను జీడిపప్పు ఇంటికి తెచ్చుకుని పొట్టు వలిచేదాన్ని. ఒకసారి పప్పులో పిల్లి వెంట్రుకలున్నాయని పని ఇచ్చే షావుకారు నలుగురి ముందూ తిట్టి, ఇక రావొద్దన్నాడు.

ఆ ఉక్రోషంతో ఇంటికొచ్చాను. అత్త బజారుకెళ్ళింది. చేతికందిన గోనెలో సూరమ్మని వేసి మూతి కట్టి, ఆటోలో పూండి తీసుకెళ్ళి స్టేషన్ వెనక విప్పేశాను. అది ముఖం నేలకేసి రుద్దుకుంటూ తుప్పల్లోకి పోయింది. భయపడిందిలే అనుకున్నాను. చేపలు దొరికే ఊళ్ళు దగ్గరే, బతికేస్తుందిలే అని కూడా అనుకున్నాను.

మొన్న, టెక్కలి దగ్గర ఒక రిటైరైన టీచరమ్మ కుంటి, గుడ్డి పిల్లుల్నీ, ఎవరో వదిలేసిన వాటినీ సాకుతున్నారని విని, చూసొద్దామంది అత్త. వెళ్ళాం. ఎన్ని పిల్లులో! వెనక కాళ్ళు చచ్చుబడిన ఒకటి ఒళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి అత్త కుచ్చిళ్ళతో ఆడింది. మూడుకాళ్ళ గండుపిల్లి నన్ను వాసన చూసి, నచ్చనట్టు పక్కకెళ్ళిపోయింది. అత్త చిన్నపిల్లలా నవ్వింది. ఆమె అలా నవ్వితే నాకెంతో ఇష్టం.

అంతలో ఒక గుడ్డిది వచ్చి అత్త ఒళ్ళో ముడుచుకుంది. ముఖం మీద బొచ్చు లేదు, కళ్ళ నిండా తెల్లటి పొర. దీన్నెవరో జీడి తొక్కలు పోసిన గోనెలో కట్టి వదిలేశారనీ, గోనెకంటిన నూనె కళ్ళు కాల్చేసిందనీ టీచరమ్మ చెప్పారు.

అది సూరమ్మ కాదు. నల్లది, చిన్నది. కానీ నా గోనె? పొయ్యిలోకి తెచ్చిన జీడి తొక్కలు అయిపోయాక మేకుకి తగిలించిన గోనె అది. జీడి నూనె తగిలితే ఒళ్ళు పొక్కుతుందని పలాసలో పసిపిల్లకైనా తెలుసు. చేతులకి బూడిద రాసుకోకుండా నేనా తొక్కలు ముట్టను. నా చేతుల సంగతి అంత బాగా తెలిసినదాన్ని, దాని కళ్ళ సంగతి ఎందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా?

టీచరమ్మ లోపలికెళ్ళగానే అత్తకి అంతా చెప్పేశాను. ఆమె ఆ పిల్లి వీపు నిమురుతూనే ఉంది.

"సూరమ్మ ఎటెల్పోనాదోనని ఆ దినం నాతోటి ఈదంతా తిరిగేవు," అంది. "నాకన్నా గట్టిగా పిలిసేవు కదే పిల్లా."

"పిలిసేనత్తా," అన్నాను.

ఆ గుడ్డిదాన్ని మాతో తెచ్చుకున్నాం. ఆటోలో అత్త నా పక్కనే కూర్చుంది కానీ, పిల్లిని మాత్రం ఒక్కసారి కూడా నా ఒళ్ళోకి ఇవ్వలేదు. ఇవ్వమని నేనూ అడగలేదు. కానీ ఆమెను చూసి తల దించుకోవాల్సిన రహస్యం ఇక నా దగ్గర లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊపిరి నిండుగా ఆడింది.