చేతికివ్వని చాకు

మడతచాకులు సేకరించే వట్లూరు మాస్టారి ఇంట్లో వెయ్యి చాకులుండేవని అందరికీ చెబుతుంటాను. వెయ్యి కాదు లెండి, ఒక ట్రంకుపెట్టెడు. కొల్లేటి జాలర్ల వంపు చాకు పక్కన తాడేపల్లిగూడెం సంతలో దొరికిన తిన్నని చాకు పెట్టి, గేదెకొమ్ము పిడికీ ఇత్తడి పిడికీ తేడా నా వేళ్ళకే తెలిసేలా చేసేవారు. అయితే ఏ చాకునూ చేతికిచ్చేవారు కాదు. బల్ల మీద పెట్టి, "తీసుకోండి. చేతికిస్తే తగవులొస్తాయంటారండీ" అనేవారు.

ఆ పెట్టెలో నేనిచ్చిన చాకు కూడా ఒకటుండేది. మా తాతకు జమీందారు బహూకరించిందని, పిడి దుప్పికొమ్మని చెప్పాను. ఏళ్ళ తరబడి ఆయన దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ వచ్చారు.

మొన్న వేసవిలో నేను వెళ్ళగానే ఆ చాకు తీసి నేరుగా నా అరచేతిలో పెట్టారు. ఆయన చేతినుంచి చాకు అందుకోవడం అదే మొదలు.

"ఏంటండీ మాస్టారూ, చేతికిచ్చేశారు?" అన్నాను.

"రేపు కాలేజీలో ఈ చాకులు చూపించి, పిల్లలకి ఏ పిడి దేంతో చేశారో చెప్పాలండీ. ఇది ప్లాస్టిక్కు. మొదటిరోజే తెలుసు. చెబితే మీరు రావడం మానేస్తారేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు మనకి తగవొస్తే నా మాట వల్ల కాదు, చేతికిచ్చినందుకే అనుకుందాం."

నేను చెప్పిన తాతా లేడు, జమీందారూ లేడు. ఏలూరు బస్టాండు ముందు కొన్న చాకది.

"ప్లాస్టిక్కనే చెప్పండి" అంటూ దాన్ని తిరిగి ఆయన అరచేతిలోనే పెట్టాను. "నేనూ చేతికే ఇచ్చాను. చెల్లుకు చెల్లండీ."