రెండో రికార్డర్‌లో దొరికిన అమ్మ మాట

నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. ఈ సంతోషంలో నా వైవా సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది నాచారం. అమ్మ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పోయినేడు ఒక పేపర్ తప్పాను. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తుందేమోనని భయం.

రీఛార్జబుల్ బ్యాటరీలు వాయిస్ రికార్డర్‌లో ఎంతసేపు వస్తాయో పోల్చడం నా ప్రాజెక్టు. ఒకదాంట్లో పాతవి, ఇంకోదాంట్లో కొత్తవి వేసి, రెండూ ఒకేసారి ఆన్ చేసి, ఒక ఆదివారం ఇంట్లో అల్మారాలో పెట్టాను. అమ్మకు చెప్పలేదు. ఏది ఎంతసేపు నడిచిందో రాసుకున్నాను గానీ, అందులో రికార్డయింది వినలేదు.

ఉప్పల్‌లోని మా కాలేజీలో వైవా. "పాత బ్యాటరీలు ఎక్కడ ఆగినయో వినిపియ్యమ్మా" అన్నారు సారు. పాత బ్యాటరీల రికార్డర్‌ను చివరికి జరిపి ప్లే నొక్కాను. పక్కింటి అత్తతో అమ్మ అంటోంది:

"పిల్ల గిన మల్ల ఫెయిలయితే, వదినా..."

అక్కడే ఆగిపోయింది.

"తర్వాతేమన్నది మీ అమ్మ?" సారు నవ్వుతూ రెండో రికార్డర్‌ను సరిగ్గా అదే నిమిషానికి జరిపి ప్లే నొక్కారు.

"...ఏమైతది, మల్ల రాస్తది. నా చేతులాడినన్ని దినాలు నేను పనికి వోత. దానికి జెప్పకు, ఉత్తగ ఫికర్ జేస్తది."

సారు రికార్డర్ ఆపి నా ముందుకు జరిపారు. నేను తలెత్తలేకపోయాను.

నిన్న మార్కుల మెమో తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. ఆ మాటలు విన్నానని ఇంకా చెప్పలేదు. ఆమెకు చదవడం రాదు. ఇది అచ్చయితే పక్కన కూర్చుని నేనే చదివి వినిపిస్తాను.