ఒకే ఇంటిపేరు, ఇద్దరు ముత్తాతలు

2022 వసంతం. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. మాది చిన్న డీఎన్ఏ సంస్థ. జబ్బుల పరీక్షలు మా పని కాదు. మీ పూర్వీకులు ఎక్కడివాళ్ళు, ఫలానావాళ్ళు మీకు చుట్టాలవునా కాదా అన్నది చూసి చెబుతాం. ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితాన్ని చదివి, ఎదుట కూర్చున్న మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో నా ఎదుట కూర్చున్నవాళ్ళలో ఇద్దరు వాగ్నర్లు మాత్రం ఇప్పటికీ తరచూ గుర్తొస్తారు.

వాల్టర్ వాగ్నర్, రాన్ వాగ్నర్ కలిసే వచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. వాల్టర్ కార్ల ఫ్యాక్టరీలో డై మేకర్‌గా, అంటే రేకును కారు తలుపు ఆకారంలోకి వంచే అచ్చులు తయారుచేసే పనిలో, రిటైరయ్యారు. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమలు, గట్టి గొంతు. రాన్ హైస్కూల్లో సంగీతం చెప్పేవారు. పొడుగ్గా, సన్నగా, ఆ వయసులో కూడా సగం నల్లగానే ఉన్న జుట్టుతో, వాల్టర్ పక్కన వేరే దేశం మనిషిలా కనిపించారు. చిన్నప్పుడు ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. ఒకరి పెళ్ళికి ఒకరు తోడు పెళ్ళికొడుకుగా నిలబడ్డారు.

వాళ్ళ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. యోహాన్, కార్ల్ అనే ఇద్దరు అన్నదమ్ములు జర్మనీ నుంచి వచ్చి డెట్రాయిట్‌లో గుర్రబ్బగ్గీలు చేసే షాపులో చేరారు. యోహాన్ సంతతి వాల్టర్, కార్ల్ సంతతి రాన్. ఇంటిపేరు వాగ్నర్ అంటేనే జర్మన్‌లో బండ్లు చేసేవాడని అర్థం. ఆ ఇంటిపేరుతో కార్ల ఊళ్ళో బతకడం వాల్టర్‌కు పెద్ద గర్వం. ఏటా వేసవిలో రెండు కుటుంబాలూ ఒక పార్కులో కలుస్తాయి. ఆ ఏడాది కలిసినప్పుడు పిల్లలకు తమ మూలం ఏ ప్రాంతమో చెప్పాలని వాల్టర్ ఆశ. రాన్‌కు అంత ఆసక్తి ఉన్నట్టు కనిపించలేదు. ఆయన నవ్వుతూనే ఉన్నారు గానీ ఎక్కువ మాట్లాడలేదు.

ఇలాంటి వాటికి మేము చూసేది వై క్రోమోజోమ్. తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా దిగేది అదే. ఇంటిపేరూ అక్కడ తండ్రి నుంచే దిగుతుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. వై మీద కొన్ని చోట్లను గుర్తులుగా పెట్టుకుంటాం, వాటిని మార్కర్లు అంటారు. అవి ఎంత కలిస్తే అంత దగ్గర చుట్టరికం.

ల్యాబ్ పని చూసే స్రవంతిది వరంగల్. ఫలితం వచ్చిన రోజు తనే నా గదిలోకి వచ్చింది.

"అక్కా, శాంపిల్స్ అటూ ఇటూ కాలేదు. డౌటొచ్చి మళ్ళీ రన్ చేసిన. వీళ్ళిద్దరు ఒక్క వంశపోళ్ళు కానే కారు."

స్క్రీన్ చూశాను. మార్కర్లు కలవకపోవడం అటుంచి, అసలు హాప్లోగ్రూపే వేరు. హాప్లోగ్రూప్ అంటే వేల ఏళ్ళ కిందటి ఒక్క మగవాడి నుంచి దిగిన పెద్ద శాఖ. వాల్టర్‌ది ఆర్1బి. పశ్చిమ యూరప్‌లో, దక్షిణ జర్మనీలో ఎక్కువగా కనిపిస్తుంది. రాన్‌ది ఆర్1ఎ. అది తూర్పు యూరప్ వైపు ఎక్కువ. కొమ్మ వేరుగానీ ఆ శాఖ మన దేశంలోనూ చాలామందిలో ఉంది. "గట్లయితే రాన్ సార్ మనకే దగ్గరున్నట్టుంది" అంది స్రవంతి. నవ్వు రాలేదు నాకు. ఈ సంగతి ఆ ఇద్దరికీ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

విడివిడిగా చెబుతానన్నాను. కలిసే వింటామన్నారు. చెప్పాను. వాల్టర్ కుర్చీలో వెనక్కి వాలిపోయారు. రాన్ మాత్రం ఈ మాట కోసమే వచ్చినట్టు తల ఊపారు.

"అనుకున్నదే. వాగ్నర్ కానిది నేనే అయ్యుంటాను" అన్నారు.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పిన సంగతి ఇది. ఆయన్ని పెంచింది నాయనమ్మ క్లారా. తాతగారు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసే రోజుల్లో ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకిచ్చేది. అందులో నల్లజుట్టు హంగేరియన్ ఒకాయన కొన్నాళ్ళు ఉన్నాడు. రాన్ తండ్రి నల్లజుట్టుతో పుట్టాడు. ఇక వీధిలో మాట మొదలైంది. క్లారా బతికుండగా ఎవరూ ఆవిడ మొహం మీద అనలేదు, కానీ పార్కులో కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు రాన్ జుట్టు మీద ఒక హాస్యం విసిరేవారు. రాన్ సొంత అక్క కూడా ఆ మాట నమ్మింది. ఆయన నమ్మలేదు, అలాగని కాదనడానికి ఆధారమూ లేదు. పరీక్షకు ఒప్పుకున్నది కూడా వాల్టర్ పట్టుబట్టాడని కాదు, ఏదో ఒకటి తేలిపోతుందని.

"నన్ను స్కూలుకి తయారుచేసి పంపింది ఆవిడే. పియానో కొనిపెట్టింది ఆవిడే. ఆవిడ గురించి అలాంటి మాట వినడం నాకు కష్టంగా ఉంటుంది" అన్నారు.

వాల్టర్ చెయ్యి చాపి రాన్ భుజం మీద వేశారు.

నాకు అప్పుడు మన పద్ధతి గుర్తొచ్చింది. మనవైపు ఎవరిదైనా ఇంటిపేరు మనదే అని తెలియగానే సంతోషించి, ఆ వెంటనే గోత్రం అడుగుతాం. ఇంటిపేరు ఒకటే అయినా గోత్రం వేరైతే వాళ్ళు వేరే వంశమని మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. జర్మన్ వృత్తి పేర్లదీ అదే కథ. ఇంటిపేర్లు స్థిరపడుతున్న కాలంలో ప్రతి ఊళ్ళోనూ బండ్లు చేసేవాడు ఒకడుండేవాడు, ప్రతి ఊళ్ళోనూ ఒక వాగ్నర్ తయారయ్యాడు. పిండిమర నడిపేవాడు ముల్లర్, బట్టలు కుట్టేవాడు ష్నైడర్. చేసే పని ఒకటే, రక్తం వేరు. అందుకే వాగ్నర్లను పరీక్షిస్తే ఒక్క శాఖ కాదు, చాలా శాఖలు బయటపడతాయి.

ఇదే వాళ్ళకు చెప్పాను. తేడా రావడానికి కారణాలు రెండు ఉండొచ్చన్నాను. మధ్యలో ఎక్కడో తండ్రి మారి ఉండొచ్చు. లేదా యోహాన్, కార్ల్ అసలు అన్నదమ్ములే కాకపోవచ్చు. ఏది నిజమో తెలియాలంటే కార్ల్ ఇంకో కొడుకు సంతతిలో మగవాడు ఒకరు పరీక్ష చేయించుకోవాలి. అలాంటివాడు ఒహాయోలో ఒకడున్నాడని వాల్టర్ చెప్పారు, పేరు డేల్. రాన్ తాతగారి తమ్ముడి మనవడు. క్లారాతో అతనికి రక్తసంబంధం లేదు.

"అతనితో కూడా కలవకపోతే?" అని అడిగారు రాన్.

"అప్పుడు మీ భయం నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఇంకా వెతకాలి. కలిస్తే మాత్రం మీ నాయనమ్మ మీద వేసిన మాట అబద్ధమే. దానికి ఇంక ఏ సాక్ష్యమూ అక్కర్లేదు."

ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయారు. చాలా రోజులు కబురు లేదు. ఒప్పుకోరనే అనుకున్నాను. తెలియకుండా ఉండిపోవడం కూడా మనిషి హక్కే, ఈ ఉద్యోగంలో మేము ఎవరినీ తొందరపెట్టం. వాల్టర్ ఒకసారి ఫోన్ చేసి, రాన్ తమ ఇంటికి రావడం తగ్గించాడనీ, తను ఈ పరీక్ష మొదలుపెట్టకుండా ఉండాల్సిందనీ బాధపడ్డారు. ఆ తర్వాత ఆయనే రాన్‌ను కార్లో ఎక్కించుకుని ఒహాయో వెళ్ళారట. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. డేల్ శాంపిల్ మాత్రం వచ్చింది.

మార్కర్లు కలిశాయి. డేల్, రాన్ ఇద్దరూ ఒక్క ముత్తాత సంతతి. ఇద్దరినీ పిలిపించి ముందు ఆ ఒక్క సంగతే చెప్పాను. రాన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చేతుల్లో మొహం దాచుకున్నారు. నేనూ వాల్టర్ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆయన అడిగారు.

"రిపోర్టులో మా నాయనమ్మ పేరుతో ఒక్క వాక్యం రాయగలరా? ఊరికే కోడ్లూ నంబర్లూ కాకుండా."

రాస్తానన్నాను. క్లారా కొడుకు ఆమె భర్త వంశపు బిడ్డేనని పేర్లతో సహా రాశాను. మా రిపోర్టుల్లో అలాంటి వాక్యం అంతకుముందు ఎప్పుడూ రాయలేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. మరి కార్ల్ ఎవరు? మా డేటాబేస్‌లో రాన్‌తో మార్కర్లు కలిసిన మగవాళ్ళను మ్యాచ్‌లు అంటాం. వాళ్ళలో ఒక్క వాగ్నర్ కూడా లేడు. దగ్గరి మ్యాచ్‌లలో ముగ్గురి ఇంటిపేరు స్టెల్మాకర్. ఒకరు ఉత్తర జర్మనీలో, ఇద్దరు విస్కాన్సిన్‌లో. ఆ పేరుకు అర్థం వెతికాను. దక్షిణాన బండ్లు చేసేవాణ్ణి వాగ్నర్ అంటే, ఉత్తరాన, తూర్పున అదే పని చేసేవాణ్ణి స్టెల్మాకర్ అంటారు.

ఆ పేరు ఇంట్లో ఎప్పుడైనా విన్నారా అని వాళ్ళను అడిగాను. ఇద్దరూ లేదన్నారు. వాల్టర్ మేనత్త రూత్ ఒక్కరే పాతవాళ్ళలో మిగిలారు. తొంభై దాటాయి, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదంటూ వాల్టర్ అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. నేను పేరు నెమ్మదిగా పలికాను.

"మా తాత ఆయన్ని ఎప్పుడూ కార్ల్ అని పిలిచేవాడు కాదు. స్టెల్లీ అనేవాడు. ఆయన స్టీల్ పనిలో ఉండేవాడేమో అనుకుని పిల్లలం మేమూ స్టీలీ తాతా అనేవాళ్ళం. ఆయన జీవితమంతా చేసింది చెక్క పనేనని నాకు తర్వాత ఎప్పుడో తట్టింది. మరి స్టీల్ ఎందుకన్నామో తెలియలేదు" అన్నారావిడ.

రాన్ నవ్వడం మొదలుపెట్టారు. అంతవరకూ ఆయన నవ్వు నేను చూశాననుకున్నాను గానీ, అసలు నవ్వు అదే.

కార్ల్ తన ఇంటిపేరు ఎందుకు వదిలి స్నేహితుడి పేరు పెట్టుకున్నాడో మాకు తేలలేదు. షాపు యజమానికి ఆ పేరు నోరు తిరగలేదేమో. అన్నదమ్ములమని చెబితే ఇద్దరికీ ఒకేచోట పని దొరికిందేమో. డీఎన్ఏ చెప్పేది అక్కడితో ఆగిపోతుంది. తెలిసినంత చెప్పి, మిగిలింది ఊహేనన్నాను. వాల్టర్ దాన్ని ఒప్పుకోలేదు.

"మా ముత్తాత ఊరికే పేరు ఇచ్చే రకం కాదు. ఇచ్చాడంటే ఆ మనిషిని తోడబుట్టినవాడిగా అనుకునే ఇచ్చి ఉంటాడు" అన్నారు.

నాకు ఒక దిగులు మిగిలింది. ఈ సంగతి తెలిశాక మిగతా కుటుంబం ఏమంటుందో? ఆ వేసవి రీయూనియన్‌కు నన్నూ మా ఆయన్నీ పిలిచారు. మేముండే ట్రాయ్ నుంచి పులిహోర చేసుకుని వెళ్ళాం. వాల్టర్ అందరినీ కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పారు. ఇక వేరువేరుగా కలుద్దామా అని ఎవరో అడిగారు కూడా. ఆ ప్రశ్న అలాగే గాలికి పోయింది, మొక్కజొన్న కండెలు కాలుతున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. రాన్ మాత్రం అక్కను పక్కనున్న బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి రిపోర్టులోని ఆ ఒక్క వాక్యం చదివి వినిపించారు. ఆవిడ ఇంకోసారి చదవమంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఆ బెంచీ మీదే కూర్చున్నారు. ఇంటిపేరు మార్చుకుంటారా అని నేను అడిగితే, డెబ్బై ఏళ్ళ తర్వాత కొత్త సంతకం నేర్చుకోలేనన్నారు రాన్.

ఈ కేసు నా పనిలో ఒక చిన్న మార్పు తెచ్చింది. ఇద్దరి మార్కర్లు కలవకపోతే మా రిపోర్టులో "సంబంధం లేదు" అని రాసేవాళ్ళం. ఆ మాట చదివిన మనిషి ఇంటికెళ్ళి ఎవరిని అనుమానిస్తాడో, ఏ ఫొటో ముందు నిలబడి ఏడుస్తాడో మాకు తెలియదు. ఇప్పుడు నేను "ఒకే మగ పూర్వీకుడు కనిపించలేదు" అని మాత్రమే రాస్తున్నాను. మెషిన్ చూసింది అంతే. సంబంధం ఉందో లేదో వాళ్ళే చెప్పాలి.