టీచరుగారి అరుగు మీద మూడో బ్యాటరీ

ముందు కూర్చోవే బుజ్జమ్మా. తలుపుకానుకుని సగం సగం వినకు. ఫోను రికార్డులో పెట్టేవా? ఆఁ, రాసేటప్పుడు నా మాటలు దిద్దకు.

కరోనా తగ్గిన మరుసటేడు. కొత్తపేటలో మన బ్యాటరీల కొట్టు, మీ తాతయ్య పోయేక, నేనే చూసుకుంటున్నాను. మేడల మీద సోలారు పలకలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "ఎంత బ్యాటరీ పెట్టమంటారండీ?" అని. నేను తిరిగి అడిగేదాన్ని: "కరెంటు పోతే ఏమేం ఆగకూడదండీ?" ఆ ఆగకూడనివే లోడు. ఎన్ని గంటలు నడవాలో అది బ్యాకప్. రెండూ హెచ్చవేస్తే ఎన్ని యూనిట్ల బ్యాటరీయో తేలిపోతుంది. మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్టే, వేరేది కాదు.

ఓ రోజు పలివెల నుంచి సువార్తమ్మ టీచరుగారొచ్చేరు. ఆవిడ భర్తా మాస్టారే. ఊపిరితిత్తులు పాడై మంచం మీదున్నారు. గాల్లోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్, కాన్‌సంట్రేటర్ అంటారు, రాత్రీ పగలూ నడవాలి ఆయనకి.

"మిషను, ఓ ఫ్యాను, ఓ లైటు. అంతేనండి," అన్నారావిడ.

"ఫ్రిజ్జు వద్దాండీ?"

"పెరుగు పులిస్తే మజ్జిగ చేసుకుంటాం. ఆయన మిషను మాత్రం ఆగకూడదండి."

ఏసీ కూడా నడవాలని పేచీ పెట్టేవాళ్ళే గాని, ఇంత ముక్తసరిగా చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు. మూడూ కలిపి నాలుగు వందల వాట్లు. రెండున్నర గంటలకి ఒక యూనిట్టు. ఐదేసి యూనిట్ల లిథియం బ్యాటరీలు రెండు పెడితే, మేడ మీద పలకలు ఎండ మొహం చూడకపోయినా ఒక రోజు గడిచిపోతుంది. ఆపైన డాక్టరుగారు ఉంచమన్న సిలిండరు ఎలాగూ మంచం పక్కనుంది.

"మూడోది కూడా పెట్టమంటారా?" అని ఆవిడే అడిగేరు.

"దండగండీ," అన్నాను. నా లెక్క మీద నాకంత నమ్మకం.

ఆ కార్తీకంలో తుఫానొచ్చింది. తెల్లవారుజామున కరెంటు పోయింది. సాయంత్రం నాలుగింటికి టీచరుగారి ఫోను.

"అక్కగారూ, బ్యాటరీలు రెండూ అయిపోయేయండి. ఆయనకి సిలిండరు పెట్టేం. అది చీకటిపడేదాకా వస్తుందో రాదో."

మర్నాటి దాకా రావలసినవి పన్నెండు గంటలైనా రాలేదేం? కొట్లో ఛార్జి చేసి ఉన్న బ్యాటరీ ఒకటి ఆటోలో ఎక్కించి, మెకానిక్కు నూకరాజుని వెంటబెట్టుకుని బయల్దేరేను. ఊరి మొదట్లో కొబ్బరిచెట్టు రోడ్డుకడ్డంగా పడుంది. అక్కణ్ణుంచి ఆటో అతనూ నూకరాజూ చెరో పక్కా పట్టుకుని మోసేరు.

వెళ్ళి చూద్దును కదా, వీధి వీధంతా టీచరుగారి అరుగు మీదే ఉంది! ప్లగ్గుల బాక్సుకి ఇంకో బాక్సు, వాటినిండా ఫోన్లు. పెరట్లో కుళాయి దగ్గర బిందెల వరస. ఫోన్లు తాగేసేయేమో అనుకుంటావు. ముప్పై ఫోన్లు కలిపినా అర యూనిట్టు తాగవే. తాగింది నీళ్ళ మోటారు. టీచరుగారి దగ్గర చదువుకున్న ఎలక్ట్రీషియనొకడు మంచినీళ్ళ కోసమని మోటారు తీగ తెచ్చి బ్యాటరీ లైన్లో కలిపేడు. ఆ మోటారుదీ ఆ మిషనుదీ ఇంచుమించు ఒకటే తిండి. పొద్దుట్నుంచీ మాస్టారి పక్కన ఇంకో మాస్టారిని పడుకోబెట్టినట్టే!

నూకరాజు ముందు మోటారు తీగ పీకేసి, మేం తెచ్చిన బ్యాటరీ కలిపేడు. మిషను మళ్ళీ బుస్సుమనేదాకా నేనూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. ఆ తర్వాత నా కోపం చూడు.

"మూడే నడవాలని మీరే కదండీ చెప్పేరు?"

"ఆయ్, చెప్పేనండి," అన్నారావిడ తల దించుకుని. "బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళని పొమ్మని ఎలా అంటానండీ? వాళ్ళందరికీ అఆలు దిద్దించినదాన్ని."

మంచం మీంచి మాస్టారు మూతి మీద గొట్టం కాస్త పక్కకి జరిపి, "నేనే ఇమ్మన్నానమ్మా. నేను పీలుస్తున్నాను కదా, వాళ్ళు తాగొద్దా?" అన్నారు.

ఇంకేం తిడతాను? ఆ పొద్దుట మన కొట్లో మాత్రం ఎన్ని ఫోన్లకి ఛార్జింగు పెట్టేనో! ఎవర్ని పొమ్మన్నాను? వాట్లు అడిగేను, గంటలడిగేను. అడగవలసింది అడగలేదు.

మేం మోసుకెళ్ళిన బ్యాటరీ మళ్ళీ కొట్టుకి రాలేదు. వీధివాళ్ళే కలిసి కొనుక్కున్నారు. దాన్ని అరుగు మీద, ప్లగ్గులకీ మోటారుకీ వేరే లైనుగా పెట్టేం. మాస్టారి రెండు బ్యాటరీలూ లోపల గదిలో తాళం వేసి. అరుగు బ్యాటరీ అయిపోతే అరుగు మీద లైటు దానంతటదే ఆరిపోతుంది. కాదనే పని టీచరుగారికి తప్పించి బ్యాటరీకే అప్పజెప్పేం.

మరుసటేడు గాలివాన వెలిసేక వెళ్ళేను. ఆ లైటు ఆరిపోగానే అందరూ బిందెలెత్తుకుని, "వెళ్ళొస్తామండీ టీచరుగారూ," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేరు. లోపల మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. మాస్టారు నావైపు చూసి బొటనవేలెత్తేరు.

అప్పట్నుంచి బ్యాటరీ కావాలని ఎవరొచ్చినా మొదట వాట్లు అడగనే. ముందు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "తుఫానొస్తే మీ ఇంటికి ఎవరెవరొస్తారండీ?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు లెక్కబెట్టుకుంటూ వేళ్ళు మడుస్తారు. వేళ్ళు మడిచేరంటే, ఇహ నేను ఆ ఇంటికి అరుగు బ్యాటరీ వేరేగా...

ఆఁ! వస్తున్నానమ్మా, వినబడింది! మీ అమ్మ వడ్డించేసిందంట, లే. ఫోను ఆపి రా, నేను చెప్పేది ఇంకా