దొరసాని కట్టిన నిమ్మకాయ

నిజాం రాజ్యాన్ని కూల్చింది ఒక నిమ్మకాయ. పటాలాలు కాదు, ఫిరంగులు కాదు, గుప్పిట్లో ఇమిడే ఒక నిమ్మకాయ.

ఈ మాటను కొంచెం సవరించుకోవాలి. కూలింది రాజ్యం మొత్తం కాదు. రామన్నపేటకు అవతల ఉన్న ఇసుకబావి అనే ఊరి దొర ఒక్కడే. అతను కూడా పూర్తిగా కూలలేదు. ఒక మధ్యాహ్నం పాటు ఒర్రె అనే చిన్న వాగు గట్టున కూలబడ్డాడు. పైగా ఆ ఘనత నిమ్మకాయ ఒక్కదానిదే కాదు, దాని వెంట కొన్ని పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయి. ఇంతకు మించి మాత్రం ఒక్క అక్షరం వెనక్కి తీసుకునేది లేదు.

ఆ రోజు దొర లారీ నడిపినవాడు దస్తగిరి. దొర ఉండే కోటలాంటి గడీలో గుర్రాలకు గడ్డి వేస్తూ పెరిగినవాడు. దొర లారీ కొన్న రోజున స్టీరింగు పట్టాడు, ఆ రోజునుంచి అతని పాదాలు నేలకు ఆనలేదు. ఎండ ఉన్నా లేకున్నా నల్ల కళ్లద్దాలు పెట్టుకునేవాడు. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు తగిలించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, పీరు దర్గాలో నిలబడ్డట్టు నిలబడేవాడు. తర్వాత కళ్లు తెరిచి రోగం పేరు చెప్పేవాడు. నల్లగొండ రోడ్డుమీద పోతున్న బస్సు చప్పుడును రామన్నపేట హోటల్లో కూర్చుని విని, దానికి ప్లగ్గు పోయిందని చెప్పానని ఒట్టు వేసేవాడు. ఆ బస్సు నిజంగా ఆగిందో లేదో చూసి వచ్చినవాడు లేడు.

"లారీ దగ్గితె ఇనవడ్తది గని, ఇంట్ల పిల్లలు దగ్గితె ఇనవడది గా మనిషికి" అనేది అతని భార్య లాడ్లీ బేగం. ఊరు నవ్వేది. నవ్వినా, మోటారు విషయంలో దస్తగిరిని మించినవాడు లేడని ఊరు ఒప్పుకునేది. అతనికి ఆస్తి అంటూ ఉన్నది ఆ ఒప్పుకోలే.

దొర పేరు రఘుపతిరావు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు గడీ తలుపులు ఊడదీసిన ఏడాది, లారీతో దస్తగిరితో సహా హైదరాబాదుకు పారిపోయాడు. అక్కడ షేర్వానీ తొడిగి, రూమీ టోపీ పెట్టి, రజాకార్లకు విందులు చేశాడు. ఇక్కడ అతను గుంజుకున్న భూముల్ని ఊరివాళ్లు మళ్లీ దున్నుకున్నారు. పండిన జొన్నల్ని పాతర్లలో దాచుకున్నారు. పాతర అంటే నేలలో లోతుగా గుంత తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పేది. పైనుంచి చూస్తే మేకలు తిరిగే జాగాలాగే ఉంటుంది. ఊళ్లోనే ఉండిపోయిన దస్తగిరి భార్యాపిల్లల జొన్నలు కూడా అక్కడే ఉన్నాయి.

ఇంతలో పోలీసు చర్య వచ్చింది, నిజాం లొంగిపోయాడు. రూమీ టోపీ తీసి ఖద్దరు టోపీ పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో, దొరకు దేశభక్తి కలగడానికి సరిగ్గా అంతసేపే పట్టింది. ఆ టోపీతో, లారీనిండా ఖాళీ గోనెసంచులతో ఊరికి బయలుదేరాడు.

"పాతర్లు తవ్విచ్చి, గింజ మిగలకుంట ఎత్తుకపోవాలె. పొద్దుగూకక ముందె మర్లాలె" అన్నాడు. పొద్దు గూకాక గుట్టల్లోంచి సంఘం దళం దిగుతుందని అతనికి భయం. దేశభక్తి అయితే ఇచ్చింది కాని, చీకట్లో ఊళ్లో ఉండే ధైర్యాన్ని మాత్రం టోపీ ఇవ్వలేదు.

దస్తగిరి నోరు మెదపలేదు. మెదిపే రోజులు కావు. ఆ నెలలో అతనిలా ముస్లిం పేరున్నవాడి వైపు వేలు చూపి రజాకారు అంటే చాలు, తర్వాత అడిగేవాడు లేడు. విందులో పలావు వడ్డించిన దొరే ఆ వేలు చూపినా నమ్మేవాళ్లున్నారు. దస్తగిరి ఆ పలావులో ఎముక కూడా చూడలేదు.

బయలుదేరే ముందు దొరసాని లీలమ్మ దిష్టికాయ పట్టుకొచ్చింది. "దస్తగిరీ, లారీకి పాణం యాడుంటది?" అని అడిగింది.

ఇలాంటి ప్రశ్నకు అతను చిన్న జవాబు చెప్పగలడా? బానెట్ ఎత్తాడు. "అందరు ఇంజన్ల ఉంటదంటరమ్మా. ఎడ్డోళ్లు! గీ నల్లమూత డబ్బల ఉంటది పాణం. డిస్ట్రిబ్యూటర్ అంటరు. గీన్నుంచే ప్లగ్గులకు నిప్పురవ్వ పోతది. గిది గిట్ల కన్ను మూస్తె లారీ మొత్తం శవమే."

దొరసాని ఆ డబ్బాకే దిష్టికాయ కట్టింది. ఇంజను వేడికి దారం కాలిపోతుందని, తెలివిగా, నిమ్మకాయను మిరపకాయలను ఇనుప తీగకు గుచ్చి తెచ్చింది. తీగను డబ్బా పక్కన కరెంటు వైరు బిగించిన స్క్రూకు గట్టిగా చుట్టింది. "ఊరు జేరేదాంక దీన్ని ముట్టినోని చెయ్యి ఇరగాలె" అని శపించి లోపలికి పోయింది. దస్తగిరి అప్పటికే కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. చూడలేదు.

ఇసుకబావి ఇక కనిపిస్తుందనగా, ఒర్రె దాటే చోట లారీ ఎత్తెత్తి వేసింది. గట్టెక్కింది. దగ్గలేదు, తుమ్మలేదు, దీపం ఊదినట్టు ఆగిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు దొర.

"జర ఆగుండ్రి దొరా."

దస్తగిరి, లారీతో వచ్చిన పహరా మనిషి కురుమయ్యను హ్యాండిల్ తిప్పమన్నాడు. తాను ముందున్న కరెంటు మీటరు ముల్లును చూశాడు. ఇంజను తిరుగుతుంటే ఆ ముల్లు ఊగాలి. కరెంటు పారి, తెగి, పారి, తెగితేనే కాయిల్లో రవ్వ పుడుతుంది. ముల్లు ఊగలేదు. ఒక పక్కకు ఒరిగి గోడకు ఆనుకున్న ముసలివాడిలా నిలబడింది. అంటే కరెంటు తెగడం లేదు, ఎక్కడో దొంగదారిలో ఇనుములోకి దిగిపోతున్నది.

బానెట్ ఎత్తాడు. కాయిల్ లావు తీగను ఊడదీసి ఇంజనుకు దగ్గరగా పట్టుకుని మళ్లీ తిప్పించాడు. రవ్వ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపలి పాయింట్లు శుభ్రంగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. మూత పెడుతుంటే నిమ్మకాయ కనిపించింది. దొరసాని చుట్టిన ఇనుప తీగ కొస, కుదుపుకు వంగి, ఇంజను ఇనుముకు ఆని ఉంది.

దారి ఆపొద్దని కట్టిన దిష్టికాయే లారీని ఆపింది. కొసను వేలితో అటు వంచితే చాలు, బండి లేస్తుంది. దస్తగిరి వేలు చాపాడు.

అప్పుడే చేలోంచి యాదమ్మ వచ్చింది. ఊరి పాతర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. ఆమె దొర టోపీని చూసింది, లారీలో ఖాళీ సంచులను చూసింది. ముఖం పాలిపోయింది. "ఏందో తమ్మీ, బండి నిలవడ్డదా?" అంది.

చాపిన వేలును దస్తగిరి మడిచాడు.

"నిలవడ్డదక్కా! స్పార్కు బందైంది. రోగం దొర్కుతలేదు" అని ఒర్రె అవతలికి వినిపించేలా అరిచాడు. "పొద్దుగూకేదాంక కదిలేటట్టు లేదు!"

యాదమ్మ అతని ముఖంలోకి చూసింది. "నీకు దొర్కని రోగమా!" అని వెనక్కి తిరిగి గబగబా ఊరివైపు నడిచింది.

అక్కడినుంచి మొదలైంది దస్తగిరి జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని. తెలియనివాడిలా నటించడం. కొత్త పని కాబట్టి బాగా చెమట పట్టింది. ప్లగ్గులన్నీ విప్పి పిడకల నిప్పుమీద వేయించాడు. పెట్రోలు వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టాడు.

"సచ్చినదాన్ల ఏం ఇంటవ్?" అన్నాడు కురుమయ్య. "నల్లగొండ బస్సు చప్పుడు ఇనవడ్తుందా?"

దస్తగిరి వేలు మళ్లీ దురద పెట్టింది. జొన్నల్ని తలుచుకుని ఊరుకున్నాడు.

"అరే కురుమయ్యా, ఊర్లెకు పో" అన్నాడు దొర. "వెట్టోళ్లను తోలుకరా. లారీని గుంజుకపోతరు."

ఊళ్లో అప్పుడు ఎవరేం మోస్తున్నారో దస్తగిరికి తెలుసు. "ఈన పోతె హ్యాండిల్ ఎవరు తిప్పాలె, నీ బాంచెన్? మీరు తిప్పుతరా?"

దొర హ్యాండిల్ వంక చూశాడు. అతని వంశంలో ఎవరూ చెంబు కూడా వంచుకుని నీళ్లు పోసుకోలేదు. కురుమయ్య ఆగిపోయాడు.

నీడలు సాగాక దొరకు ఓపిక తెగింది. "నీకన్న పశువుల డాక్టరు నయం. జరుగు! హైద్రాబాదుల ఎన్ని మోటార్లు జూసిన నేను!" అంటూ వచ్చి కాయిల్ లావు తీగ కొసను చేత్తో పట్టుకున్నాడు. "ఏదిరా కరెంటు?"

దస్తగిరి కూడా మనిషే. స్క్రూడ్రైవరుతో దిష్టికాయ తీగను ఇనుమునుంచి కొంచెం జరిపాడు. "తిప్పు కురుమయ్యా" అన్నాడు.

దొర గాలిలోకి లేచాడు. తాటిచెట్టంత ఎత్తు లేచాడని ఇసుకబావిలో చెబుతారు. కల్లుముంత ఎత్తు తగ్గించి చెప్పుకోవచ్చు. టోపీ మాత్రం ఎగిరి ఒర్రెలో పడింది, దేశభక్తి నీళ్లలో తేలుతూ పోయింది.

"దిష్టి దొరా! పెద్ద దిష్టి!" అన్నాడు దస్తగిరి, తీగను మళ్లీ ఇనుముకు ఆనిస్తూ. "మీ చెయ్యిలకెల్లి బయటికి వోతాంది. సగం వోయింది. ఇంకోపారి పట్టుకుంటె మొత్తం పోతది."

దొర రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గట్టుమీద కూలబడ్డాడు. మళ్లీ బండి దగ్గరికి రాలేదు.

ఎండ ఎర్రబడుతుండగా యాదమ్మ తిరిగివచ్చింది. మోచేతుల దాకా జొన్న దుమ్ము. నెత్తిమీద గంప బోర్లించి ఉంది. "ఊర్లె అందరు నవ్వుతున్నరు దస్తగిరీ" అంది, దొర వినేటట్టు. "గింత చిన్న రోగం దొర్కనోడు ఏం మేస్త్రీ అంటున్నరు. ఇగ నవ్వుడు గూడ అయిపోయింది."

పని అయిపోయిందన్నమాట. దస్తగిరి ఊడదీసినవన్నీ మళ్లీ బిగించి, నిమ్మకాయను మిరపకాయలతో సహా పీకి ఒర్రెలోకి విసిరాడు. యాదమ్మ దాన్ని చూసింది, అతన్ని చూసింది. ఒక్క తిప్పుకు లారీ లేచింది.

దొర ఊళ్లోకి వెళ్లి అనుమానం వచ్చినచోటల్లా తవ్వించాడు. ఒక పాతరలో గడ్డి ఉంది. ఇంకో పాతరలో కప్ప ఉంది, అది కూడా బక్కది. పొద్దు గూకుతుంటే ఖాళీ సంచులతోనే మళ్లాడు. తర్వాత కొత్త టోపీ కొనుక్కుని పెద్దమనిషి అయ్యాడు. అలాంటివాళ్లకు టోపీలు దొరకకుండా పోవు.

పోయింది దస్తగిరి పేరు. ఆ మధ్యాహ్నం ఒర్రె దగ్గర అతను పడ్డ అవస్థను కురుమయ్య ఊరూరా వాయించాడు. రామన్నపేట హోటల్లో ఎవరి బండి ఆగినా, "దస్తగిరిని పిలువకుండ్రి, పొద్దుగూకుతది" అనేవారు. అసలు సంగతి తెలిసింది యాదమ్మకు. ఆమె చెప్పగా లాడ్లీ బేగానికి తెలిసింది. తర్వాత దస్తగిరి ఇంటికి వచ్చిన రాత్రి జొన్నరొట్టె వడ్డిస్తూ లాడ్లీ బేగం ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

చాలా ఏళ్లకు, భయాలన్నీ తీరాక, అదే హోటల్లో యాదమ్మ ఈ కథంతా పదిమందికి చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ముసలి దస్తగిరి చాయ సాసరు కింద పెట్టి, నల్ల కళ్లద్దాలు సర్దుకుని లేచాడు.

"అంత అబద్ధం" అన్నాడు. "నిమ్మకాయ లేదు, మిరపకాయ లేదు. పాతర్ల సంగతి నాకు తెల్వనే తెల్వది. దొర ఎగరలేదు, టోపి వడలేదు. స్పార్కు వోయింది, చాబీ తీసి పెట్టినంతల బాగ జేసిన. నా చేతుల బండి పొద్దుగూకేదాంక నిలవడ్డదని చెప్పినోడు ఎవడు? వాన్ని పట్కరాండ్రి!"